గ్రంథాలయ స్తంభానికి నూలు తొడుగు: నరసాపురం లేసు నేపథ్యంలో కర్తృత్వ విమర్శ

వ్యాససంగ్రహం:
పాశ్చాత్య నగరాల్లో పౌర గ్రంథాలయాల స్తంభాలకు, చెట్లకు, ఇనుప కటకటాలకు ఉన్ని అల్లికలు, క్రోషే అల్లికలు తొడిగే వీధికళ గత రెండు దశాబ్దాల్లో వ్యాపించింది. దీన్ని స్త్రీల చేతిపనికి లభించిన బహిరంగ గౌరవంగా విమర్శకులు వ్యాఖ్యానిస్తున్నారు. అదే క్రోషే కుట్టు గోదావరి డెల్టాలోని నరసాపురం పరిసరాల్లో ఒకటిన్నర శతాబ్దానికి పైగా జీవనోపాధిగా ఉంది. తీరిక నుండి పుట్టిన అల్లికకు చెప్పిన అర్థం, కూలి కోసం చేసే అల్లికకు ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. డెల్టా సందర్భంలో అసలు సమస్య అల్లిక బయట కనిపించడం కాదనీ, అల్లినవారి పేరు, కూలి నమోదు కావడమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్రోషే, లేసు, వీధికళ, నరసాపురం, గ్రంథాలయం, కర్తృత్వం, గృహశ్రమ, భౌగోళిక గుర్తింపు.

1. ప్రవేశిక:
2005లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో మాగ్డా సయెగ్ అనే మహిళ తన దుకాణం తలుపు పిడికి అల్లిక తొడుగు వేసింది. దారిన పోయేవారు ఆగి చూడడంతో ఆమె మరికొందరితో కలిసి వీధి స్తంభాలకూ తొడుగులు వేసింది. ఆ బృందం ప్రతి తొడుగుకూ తమ గుర్తుగా ఒక కాగితపు చీటీ కట్టేది. గోడరాతలు రాసే యువకులు రంగుతో చేసే సంతకానికి ఇది నూలు రూపం. ఈ పద్ధతికి 'యార్న్ బాంబింగ్' అనే పేరు స్థిరపడింది. 2009లో మాండీ మూర్, లియాన్ ప్రెయిన్ అదే పేరుతో పుస్తకం ప్రచురించారు. 2011 జూన్ 11న దీనికొక అంతర్జాతీయ దినం మొదలైంది.

ఈ కళకు గ్రంథాలయం సహజమైన చోటుగా కుదిరింది. ఆ దేశాల్లో చాలా గ్రంథాలయాలు స్థానిక అల్లిక బృందాలకు కూర్చునే చోటు ఇస్తాయి. ఆవరణలో చెట్లు, స్తంభాలు, కటకటాలు ఉంటాయి. వచ్చిపోయే పాఠకులు ప్రేక్షకులవుతారు. అనుమతి లేకుండా రాత్రివేళ తొడిగే పనిగా మొదలైన ఈ కళ, గ్రంథాలయం దగ్గరకు వచ్చేసరికి ఆహ్వానం మీద జరిగే కార్యక్రమంగా మారింది. ఈ మార్పు విమర్శకు మొదటి ఆధారం.

2. తొడుగు చెప్పే అర్థం:
ఈ కళను సమర్థించే వాదాలు ప్రధానంగా రెండు. మొదటిది, ఇంటి లోపలికి పరిమితమైన స్త్రీల పని వీధిలోకి వచ్చి, రాయి, ఇనుము, కాంక్రీటుతో నిర్మితమైన నగరాన్ని ప్రశ్నిస్తుంది. దీనికి బలమైన ఉదాహరణ 2006లో డెన్మార్క్ కళాకారిణి మరియానె యోర్గెన్సెన్ చేసిన పని. ఇరాక్ యుద్ధంలో తమ దేశం పాల్గొనడానికి నిరసనగా ఆమె కోపెన్‌హాగెన్‌లో ఒక యుద్ధ ట్యాంకును గులాబి రంగు అల్లికతో కప్పింది. అనేకమంది అల్లి పంపిన నాలుగు వేలకు పైగా చదరపు ముక్కలను కలిపి కుట్టి ఆ కప్పు తయారుచేశారు. అక్కడ వస్తువుకూ అల్లికకూ మధ్య ఘర్షణ ఉంది. ట్యాంకు చంపే యంత్రం, అల్లిక చలి నుండి కాపాడే వస్త్రం. ఆ రెండింటి వైరుధ్యమే దాని అర్థం.

గ్రంథాలయ స్తంభం విషయంలో ఆ వైరుధ్యం లేదు. గ్రంథాలయం ముందే మృదువైన సంస్థ. దానికి వేసిన తొడుగు దేన్నీ ఎదిరించదు, అలంకరిస్తుంది. కనుక ట్యాంకు నుండి స్తంభానికి వచ్చేసరికి మొదటి వాదం చాలావరకు బలం కోల్పోతుంది.

రెండవ వాదం సామూహికతకు సంబంధించినది. పదిమంది తమ ఇళ్లలో ముక్కలు అల్లుతారు. ఒకరోజు వాటిని తెచ్చి అందరి ఎదుటా కలిపి కుడతారు. ఈ కలయికలో ఒక సమాజం ఏర్పడుతుందని విమర్శకుల అభిప్రాయం. ఈ వాదం మరింత గట్టిది. దీన్ని పరీక్షించడానికి నరసాపురాన్ని మించిన తావు లేదు. ముక్కలుగా అల్లి కలిపి కుట్టడమే అక్కడి లేసు పరిశ్రమ నిర్మాణం.

3. అతుకుపని:
వశిష్ట గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురం పరిసరాలకు లేసు అల్లిక క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ మిషనరీ దంపతులు దీన్ని స్థానిక స్త్రీలకు నేర్పారని ప్రచారంలో ఉంది. సన్నని నూలు దారం, కొన వంగిన చిన్న సూది, రెండు చేతులు తప్ప దీనికి వేరే యంత్రం అక్కరలేదు. అందువల్ల ఇది అరుగుల మీదికి, వసారాల్లోకి సులువుగా వ్యాపించింది. బల్లగుడ్డలు, పరుపు దుప్పట్లు, దుస్తుల అంచులు విదేశాలకు వెళ్లాయి.

జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మైస్ 1982లో ప్రచురించిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' ఈ పరిశ్రమపై మౌలికమైన అధ్యయనం. ఆ గ్రంథం చూపిన ముఖ్య విషయం శ్రమవిభజన. ఒకరు పువ్వులను, మరొకరు ఇతర భాగాలను అల్లుతారు. వాటిని కలిపే 'అతుకుపని' వేరొకరిది. దారం తెచ్చి ఇచ్చి, సరుకు పట్టుకెళ్లే ఏజెంటు వీరందరి మధ్య తిరుగుతాడు. పూర్తయిన బల్లగుడ్డ ఎలా ఉంటుందో పువ్వు అల్లిన స్త్రీ చూడకపోవచ్చు. ఆ స్త్రీలు ప్రపంచ విపణి కోసం పనిచేస్తున్నా, వారిని 'ఖాళీ సమయంలో అల్లుకునే గృహిణులు'గా భావించడం వల్ల కూలి తక్కువగా నిలిచిపోయిందని మైస్ వాదించారు. ఆమె దీన్ని 'గృహిణీకరణ' అన్నారు. పనిని పని కాదనడం ద్వారానే దాని ధర తగ్గుతుందని దీని సారాంశం.

గ్రంథాలయ తొడుగునూ లేసు బల్లగుడ్డనూ పక్కపక్కన పెట్టి చూస్తే నిర్మాణం ఒకటే. రెండింటిలోనూ ముక్కలు ఇంట్లో తయారవుతాయి, అతుకు మరోచోట పడుతుంది. తేడా అతుకు దగ్గర ఉంది. తొడుగు విషయంలో అతుకు వేయడం పండుగ. అల్లినవారు అక్కడే ఉంటారు, తమ ముక్కను గుర్తుపడతారు. లేసు విషయంలో అతుకు వేయడం అల్లినవారిని వేరుచేసే చర్య. అతుకు పడ్డాక ఏ పువ్వు ఎవరిదో చెప్పడం సాధ్యం కాదు. కనుక సామూహిక శ్రమ దానంతట అదే సమాజాన్ని నిర్మించదు. అతుకు ఎవరి ఎదుట, ఎవరి అధీనంలో పడుతుందన్నదే నిర్ణయాత్మకం.

రూపంలోనూ ఒక భేదం ఉంది. వీధి తొడుగు మందమైన రంగు నూలుతో స్తంభాన్ని కప్పుతుంది. లేసు అందం దారంలో ఎంత ఉందో దారం వదిలిన ఖాళీలో అంత ఉంది. గొలుసు కుట్లు ఎన్ని లెక్కించి ఎక్కడ వదలాలో తెలిసినప్పుడే పువ్వు నిలుస్తుంది. ఒక లెక్క తప్పితే ముక్క వంకరపోతుంది, కూలి తగ్గుతుంది. తీరిక అల్లికలో తప్పును ముచ్చటగా చూడవచ్చు. ఎగుమతి అల్లికలో ఆ స్వేచ్ఛ లేదు. తీరిక అల్లిక నుండి పుట్టిన సౌందర్య ప్రమాణాలను యథాతథంగా డెల్టాకు అన్వయిస్తే ఈ క్రమశిక్షణ కనిపించకుండా పోతుంది.

4. పుస్తకం పట్టిన చెయ్యి, సూది పట్టిన చెయ్యి:
గోదావరి ప్రాంతానికి గ్రంథాలయ చరిత్ర కూడా తక్కువది కాదు. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించారు. 1883లో స్త్రీల కోసం 'సతీహితబోధిని' పత్రిక ప్రారంభించారు. నాళం కృష్ణారావు కృషితో రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం రూపొందింది. గ్రంథాలయోద్యమ సారథి అయ్యంకి వెంకటరమణయ్య తూర్పుగోదావరిలోని కొంకుదురులో జన్మించారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది.

ఈ సంస్కరణ పరంపర స్త్రీని పాఠకురాలిగా ఊహించింది. చదువుకున్న తల్లి, చదువుకున్న భార్య దాని ఆదర్శం. అదే శతాబ్దంలో, అదే నది ఒడ్డున మిషనరీల బోధన ద్వారా మరో స్త్రీ చేతికి సూది అందింది. మొదటి స్త్రీ తెలుగు సాహిత్య చరిత్రలో చర్చకు వచ్చింది, రెండవ స్త్రీ ఎగుమతి చరిత్రలో మిగిలింది. ఆధునిక తెలుగు స్త్రీ చరిత్రను పుస్తకం ఆధారంగా మాత్రమే రాస్తే సగం డెల్టా దానిలోకి రాదు.

ఈ రెండు చరిత్రలు కలిసే చోటు ఒకటి ఉంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. ఏ ఇంట్లో కూర్చుని అల్లడం వల్ల ఆ స్త్రీ 'పని చేయనిది'గా భావించబడుతున్నదో, ఆ ఇల్లే గ్రంథాలయాన్ని పోషిస్తున్నది. కాబట్టి గ్రంథాలయం ఆమెకు అతిథిగా వెళ్లే స్థలం కాదు, హక్కుతో అడుగుపెట్టే స్థలం.

5. ఊరి పేరు, మనిషి పేరు:
డెల్టా వస్త్రాలకు పేరు లేదనడం సరికాదు. నరసాపురం సమీపంలోని మాధవాయిపాలెంలో ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ వర్తకస్థావరం ఉండేది. అక్కడి మెత్తని నూలు బట్టకు ఆ ఊరి పేరే పడి 'మదపోలం'గా ఐరోపా భాషల్లోకి వెళ్లింది. ఊరి పేరు నిఘంటువులకు ఎక్కింది, నేసినవారి పేర్లు ఎక్కలేదు.

2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. యంత్రంపై తయారైన అనుకరణలను ఎదుర్కోవడానికి ఇది అవసరమైన రక్షణ. అయితే దీని స్వభావాన్ని విమర్శనాత్మకంగా చూడాలి. ఈ గుర్తింపుకు ఆధారమైన 1999 నాటి చట్టం చేతివస్తువుల విషయంలో 'ఉత్పత్తిదారు' అనే మాటకు తయారుచేసేవారితో పాటు ఆ వస్తువుల వ్యాపారం చేసేవారిని కూడా చేర్చి నిర్వచించింది. అంటే అల్లిన స్త్రీ, ఆమెకు దారం ఇచ్చి సరుకు కొన్న వర్తకుడు చట్టం దృష్టిలో ఒకే మాట కిందికి వస్తారు. అదే చట్టం అధీకృత వినియోగదారుల పేర్లు నమోదు చేయడానికి రిజిస్టరులో ఒక భాగాన్ని కేటాయించింది. అల్లేవారు పెద్దసంఖ్యలో అందులో చేరితే ఊరి పేరు మనిషి పేరు వరకు రాగలదు. చేరకపోతే మదపోలం కథే తిరిగి జరుగుతుంది.

చేతికళ సహజంగానే అనామకమనీ, పేరు కోరడం ఆధునిక వ్యక్తివాదమనీ ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. తన ఇంటి గుమ్మానికి తోరణం అల్లుకున్న స్త్రీ పేరు రాసుకోకపోవడం ఆ కోవకు చెందుతుంది. ఆ తోరణం ఎవరిదో వీధికంతటికీ తెలుసు. ఎగుమతి లేసులోని అనామకత్వం వేరు. అది తయారీ పద్ధతి కల్పించినది. దాని ఫలితం కూలిలో కనిపిస్తుంది. ఈ రెంటినీ ఒకే మాటతో సమర్థించడం విమర్శలో పొరపాటు.

6. గ్రంథాలయం చేయగల పని:
పై చర్చ నుండి ఒక ఆచరణాత్మక ప్రశ్న వస్తుంది. డెల్టాలోని ఒక శాఖాగ్రంథాలయం తన స్తంభానికి లేసు తొడుగు వేయించదలిస్తే ఏం చేయాలి? వారోత్సవాల పేరిట స్థానిక స్త్రీలను ఉచితంగా అల్లి తెమ్మనడం సులభం. తీరిక ఉన్నవారిని అలా అడిగితే అది ఆహ్వానం. ముక్కల లెక్కన బతికేవారిని అడిగితే, వారి పని పని కాదన్న పాత వాదాన్నే సంస్థ తన ఆవరణలో మళ్లీ నిలబెట్టినట్లు. ఆ తొడుగు ఎంత అందంగా ఉన్నా దాని అర్థం మారదు.

కూలి చెల్లించిన తరువాత గ్రంథాలయానికి మాత్రమే చేతనైన పని ఒకటి ఉంది. ప్రతి పుస్తకానికీ ప్రవేశసంఖ్య ఇవ్వడం, కర్త పేరు నమోదు చేయడం దాని నిత్యకృత్యం. లేసు నమూనాలకూ ఆ పద్ధతి వర్తింపజేయవచ్చు. ఈ పువ్వు ఎవరు అల్లారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, అతుకు ఎవరిది, ఎన్ని గంటలు పట్టింది, ఎంత ముట్టింది అనే వివరాలు వారి సమ్మతితో నమోదైతే, స్థానిక చరిత్ర విభాగంలో అదొక కొత్త ఆకరం అవుతుంది. అల్లేవారు ఆ కుట్లకు వాడే తెలుగు పేర్లను సేకరించడం భాషాపరిశోధకులకు ప్రత్యేకంగా చెందిన బాధ్యత. వృత్తిపదకోశాల పనిలో చేనేతకు దక్కిన శ్రద్ధ లేసుకూ దక్కాలి.

7. ముగింపు:
ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• గ్రంథాలయాల వద్ద అల్లిక వీధికళ తన ప్రతిఘటన స్వభావాన్ని చాలావరకు వదులుకుని అలంకరణగా మారింది. దాని సామూహికతకు మాత్రం విలువ ఉంది.

• తొడుగు, నరసాపురం లేసు నిర్మాణంలో ఒకటే. తొడుగులో అతుకు అల్లినవారిని కలుపుతుంది, లేసులో వారిని చెరిపివేస్తుంది.

• భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. మనిషి పేరు, కూలి విషయం దానికి వెలుపల మిగిలే ప్రమాదం ఉంది.

• పేరును నమోదు చేసే సంస్థగా గ్రంథాలయం ఈ లోటును కొంత పూరించగలదు.

హ్యూస్టన్ బృందం తమ తొడుగుకు కట్టిన కాగితపు చీటీ ఒక చిలిపి సంతకం. వారికి అది ఉన్నా లేకున్నా బతుకు గడుస్తుంది. నరసాపురంలో అలాంటి చీటీ మీద పేరుతో పాటు గంటలు, కూలి కూడా ఉండాలి. అవి రాయగలిగినప్పుడు గ్రంథాలయ స్తంభానికి లేసు తొడగడం డెల్టాలో అర్థవంతమైన కళ అవుతుంది. అంతవరకు ఆ పనిని వాయిదా వేయడమే అల్లేవారి పట్ల గౌరవం.