గోయా యుద్ధచిత్రాలలో ఒక సర్వనామం

1808లో నెపోలియన్ సేనలు స్పెయిన్‌ను ఆక్రమించినవి. ఆ యుద్ధాన్నీ, 1811-12లో మాడ్రిడ్ నగరాన్ని పీడించిన కరవునూ ఫ్రాన్సిస్కో గోయా సుమారు 1810 నుండి 1820 వరకు రాగిరేకులపై చెక్కినాడు. రేకులు దొరకడం కష్టమై, తాను పూర్వం చెక్కిన ప్రకృతిదృశ్యాల రేకులనే రెండుగా కోయించి వాడుకొన్నాడు. 1828లో ఆయన మరణించిన ముప్పదియైదేండ్లకు గాని ఇవి లోకానికి అందలేదు. 1863లో శాన్ ఫెర్నాండో కళా అకాడమీ ఎనుబది చిత్రాలను అచ్చువేసినది. 'యుద్ధ ఘోరాలు' అన్న పేరు ఆ అకాడమీ పెట్టినదే.

యుద్ధానికి రెండువందల యేండ్లు నిండిన 2008లో మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం గోయా యుద్ధకాలపు కృతులను ప్రత్యేకంగా ప్రదర్శించినది. ఈ చిత్రాలకు ఆధారమైన ఎర్రసుద్ద రేఖాచిత్రాలు కూడ ఆ మ్యూజియంలోనే ఉన్నవి. వాటి రేఖాబలాన్ని గురించి చిత్రకళావిమర్శకులు చాలినంత వ్రాసినారు. సాహిత్యకారుణ్ణి ఆపేవి అచ్చుచిత్రాల అడుగున ఉన్న నాలుగు మాటలు.

నలుబదినాలుగవ చిత్రం క్రింద 'యో లో వీ' అని ఉన్నది. 'నేను దీనిని చూచినాను' అని అర్థం. స్పానిష్ భాషలో, మన భాషలో వలెనే, క్రియాపదమే కర్తను తెలుపుతుంది. 'వీ' అంటే చాలును, 'చూచినాను' అని. ఆపైన 'యో' చేర్చడం సాక్షి ముందుకు వచ్చి నిలబడడం వంటిది. ఆంగ్లవాక్యం కర్త లేనిదే నిలువదు గనుక అక్కడ ఈ 'నేను' వట్టి వ్యాకరణావసరమై పోతుంది. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. అయినను, ఆంగ్లం మీదుగా అనువదించి అనువదించి, వాక్యవాక్యానికీ 'నేను', 'అతడు' గుచ్చడం మనకు అలవాటయింది. 'చూచినాను', 'నేను చూచినాను' అనే వాటి మధ్య భేదం మన చెవికే ఆనకుండా పోతున్నది.

ఇంతకూ ఆ 'నేను' చూచినదేమి? పల్లెజనం పారిపోతున్నారు. డబ్బుసంచిని హత్తుకొన్న వాడొకడు, బిడ్డను లాగుతున్న తల్లి ఒకతె. శత్రువు చిత్రపు అంచుకు అవతలనే ఉండిపోయినాడు. సాక్ష్యం భయానికే.

ఇరువదియారవ చిత్రంలో తుపాకుల బాయినెట్లు మాత్రం కుడి అంచు నుండి లోపలికి వస్తవి, కాల్చేవారు కనబడరు. దాని క్రింది మాటలలోనూ కర్త లేడు: 'నో సే పుయేదే మిరార్'. 'చూడలేము' అని తెనిగిస్తే లేని 'మనము' వచ్చి చేరుతుంది. 'చూడరాదు' అంటే నిషేధమవుతుంది. 'చూడ శక్యము కాదు' అన్నదే నాకు సమీపంగా తోస్తున్నది. చిత్రరచనా, వాక్యరచనా ఒకే పని చేసిన చోటు ఇది.

గోయాను యుద్ధవార్తాహరునిగా పొగడేవారితో నేను ఏకీభవించను. ఈ ఎనుబదీ ఆయన కన్నులారా చూచినవి కావు. చివరి చిత్రాలు కేవలం కల్పనారూపకాలు. అందువల్లనే ఒక్క చిత్రం క్రింద 'యో' అని వ్రాయడం, మరుసటి దాని క్రింద 'ఇదియును' అని మాత్రం అనడం గమనింపదగినది. 1793 నాటికే ఆయనకు చెవులు పూర్తిగా వినబడవు.

ప్రదర్శనశాలలలో ప్రేక్షకుడు గోడమీది చీటీలోని అనువాదం చదువుకొని, రేకుపై చెక్కిన మాటలను చూడకుండ సాగిపోతాడు. ఆ మాటలు గోయా చేతివ్రాతలో ఉన్న తొలిప్రతి, ఆయన తన మిత్రుడు సేయాన్ బెర్మూదెథ్‌కు ఇచ్చినది, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. రేఖాచిత్రం, ఆ తొలిప్రతి, అచ్చుచిత్రం – మూడూ ఒకే బల్లమీద, చీటీ లేకుండ, ప్రక్కప్రక్కన పెట్టి చూపవలెను.