నొటోరియస్ సార్, సుగ్గి బాట

ఉద్యోగం ఇంటర్వ్యూలో, మా సి.బెళగల్‌లో నాకు చదువు చెప్పిన తెలుగు సార్ గురించి చెప్తూ, ఆయన మా మండలంలోనే నొటోరియస్ టీచర్ అన్నాను. బల్లకు అవతలున్న ముగ్గురూ ఒకేసారి తలెత్తారు. ఒకాయన నవ్వాపుకోడానికి మంచినీళ్లు తాగాడు. నేను చెప్పాలనుకున్నది 'పేరుమోసిన' అని. మా ఊళ్లో పేరుమోసిన సారూ ఉంటాడు, పేరుమోసిన దొంగా ఉంటాడు. తెలుగు మాట ఇద్దరినీ మోస్తుంది. ఇంగ్లీషు మాట ఒక్కణ్ణే మోస్తుందని ఆరోజు తెలిసొచ్చింది.

ఆ మాట నాకు నేర్పింది నార్మన్ లూయిస్ 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ'. 1949లో అమెరికాలో వచ్చిన పుస్తకం. అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద కొన్నాను. నాకన్నా ముందు ఎవరో పెన్సిల్‌తో మొదటి నలభై పేజీల ఖాళీలు నింపి, తర్వాత వదిలేశారు. దీన్ని పోటీపరీక్షల సరుకుగా చూడ్డమే తప్ప, ఒక పుస్తకంగా ఎవరూ మాట్లాడరు. మాట్లాడదగ్గ పుస్తకమే.

ముందు దాని గొప్పతనం. జీఆర్ఈ కోసం మనవాళ్లు అక్షరక్రమంలో వేల మాటలు బట్టీ కొడతారు. 2011 ఆగస్టులో ఆ పరీక్షలో విడి మాటకు వ్యతిరేకార్థం అడగడం మానేసి, మాటను వాక్యంలో పెట్టి అడగడం మొదలుపెట్టారు. అయినా జాబితాల మోజు పోలేదు. లూయిస్ జాబితా ఇవ్వడు. మనుషుల స్వభావాలు, డాక్టర్లు, శాస్త్రవేత్తలు, అబద్ధాలకోరులు అని గుంపులు కడతాడు. ఒక్కో మాటను విడగొట్టి గ్రీకు, లాటిన్ వేర్లు చూపిస్తాడు. పైకి పలకమంటాడు, రాయమంటాడు, మళ్లీ అడుగుతాడు. అచ్చం మంచి బడిపంతులు.

ఆయనకు తెలియని సంగతొకటుంది. ఆ వేర్లలో కొన్ని మన ఇంట్లోవే. ఆర్థడాంటిస్ట్‌లో ఉన్నది మన 'దంత'కు చుట్టం. పొడయాట్రిస్ట్‌లో 'పాద', జెరంటాలజిస్ట్‌లో 'జర', అగ్నాస్టిక్‌లో 'అజ్ఞ'. తెలుగు మీడియంలో సంధులూ సమాసాలూ విడగొట్టిన పిల్లోడికి ఈ పద్ధతి కొత్తేం కాదు. కానీ ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పరు. తెలుగు చదివావు కాబట్టి వెనకబడ్డావంటారు. 2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం అని జీవో వచ్చింది, 2020 ఏప్రిల్లో హైకోర్టు కొట్టేసింది. మీడియం గురించి అంత రభస జరిగింది గానీ, ఒక భాష వేరు పట్టుకుని ఇంకో భాషలోకి పోవచ్చన్న మాట నాకెక్కడా వినపడలేదు.

ఇక చిక్కు. నొటోరియస్‌లోని లాటిన్ వేరుకు అర్థం 'తెలిసిన'. అదీ మన 'జ్ఞ' చుట్టమే. నేను ఆ వేరును పట్టుకున్నా, వాడుకను వదిలేశా. తప్పు లూయిస్‌ది కాదు, ఆయన ఆ మాటను పెట్టింది అబద్ధాలకోరుల అధ్యాయంలోనే. కానీ ఆయన ఊహించుకున్న పాఠకుడు రేడియోలోనో పేపర్లోనో ఆ మాటను సగం విన్నవాడు. వాడికి ఈ పుస్తకం మిగతా సగం ఇస్తుంది. నాకు మొదటి సగమే లేదు. ఖాళీలు పూరించే అభ్యాసం మాట గుర్తుందా అని అడుగుతుంది, ఎవరితో, ఎప్పుడు, ఏ గొంతుతో అంటావని అడగదు.

గురజాడ ఎప్పుడో చూపించాడు ఇది. 'కన్యాశుల్కం'లో కొడుకు ఇంగ్లీషు వినాలని వెంకమ్మ ముచ్చటపడితే, గిరీశం, వెంకటేశం కలిసి పసిపిల్లల పద్యమూ పొంతనలేని ముక్కలూ వల్లిస్తారు. మనం నవ్వుతాం. ఇంటర్వ్యూ గదిలో నేనూ వెంకటేశాన్నే. కాకపోతే అక్కడ వినేవాళ్లు వెంకమ్మలు కారు.

మాట బతుకు వాడుకలోనే ఉందని అర్థం కావడానికి నేను లాటిన్ దాకా పోనక్కర్లేదు. మా పడమటి కర్నూలు పల్లెల్లో 'సుగ్గి' అనే మాట ఉంది. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం, సంబరం. మా దగ్గర 'సుగ్గికి పోయినారు' అంటే ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయారని. పంట వేరే వాళ్లది. ఆ మాటకు వేరు చెప్తే పండగ కనిపిస్తుంది, వాడుక చూస్తే బడిలో ఖాళీ బెంచీ కనిపిస్తుంది. దీన్ని ఇంగ్లీషులో సీజనల్ మైగ్రేషన్ అని రాస్తాను ఇప్పుడు. తప్పు లేదు. తాళం మాత్రం అందులో లేదు.

ఇంటర్వ్యూ సంగతి ఫోన్లో చెప్తే మా సార్ పకపకా నవ్వినాడు. "పోనీలే రా, నా బెత్తం దెబ్బలు తిన్నోళ్లను అడుగు, నువ్వన్న మాటే కరెక్టంటారు" అన్నాడు.

కాబట్టి ఈ పుస్తకం చదవండి. వేర్లు నేర్చుకోండి, మన 'దంత', 'పాద' దగ్గరే మొదలుపెట్టండి. కానీ ప్రతి మాటకూ నిజంగా ఎవరో వాడిన వాక్యాలు రెండైనా పట్టుకున్నాకే నోట్లోంచి బయటికి రానివ్వండి. పెన్సిల్‌తో నలభై పేజీలు నింపి వదిలేసిన ఆ మనిషి బహుశా ఓపిక లేక ఆగి ఉండడు. నేర్చిన మాటను అనడానికి పక్కన మనిషి లేక ఆగి ఉంటాడు.