పాఠం చెప్పిన గొంతు

సంగీత విద్వాంసుల మీద తెలుగులో వచ్చిన పుస్తకాలు తిరగేస్తే ఒక సంగతి తేలిగ్గానే కనిపిస్తుంది. పుట్టిన ఊరు, గురుపరంపర, తొలి కచేరీ, బిరుదులు, గండపెండేరాలు, వీటికి పేజీలకు పేజీలు ఇస్తారు. ఆ విద్వాంసుడు పాతికేళ్లో ముప్పయ్యేళ్లో రోజూ ఉదయాన్నే కళాశాలకు వెళ్లి పాఠం చెప్పిన విషయం మాత్రం "ఫలానా చోట ప్రిన్సిపాల్‌గా పనిచేసి పదవీ విరమణ చేశారు" అన్న ఒక్క వాక్యంతో సరి. ఉద్యోగమంటే పొట్టకూటికి చేసింది, కచేరీయే అసలు జీవితం అన్న భావన మనలో అంతగా పాతుకుపోయింది.

నేదునూరి కృష్ణమూర్తిగారి జీవితాన్ని ఈ గ్రంథకర్త ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగి చూశారు. కచేరీలను వదిలిపెట్టలేదు గాని, తరగతి గదిని ముందుకు తెచ్చి వాటిని దాని వెనకాల నిలబెట్టారు. నేనూ విశ్వవిద్యాలయంలో గాత్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ముందుమాట రాయమని అడిగినప్పుడు ఒప్పుకున్నది అందుకే. రాతప్రతి చదవడం పూర్తయ్యాక, అడగకపోయినా నేనే అడిగి రాయవలసిన పుస్తకం ఇది అనిపించింది.

నేదునూరివారు 1927 అక్టోబరు 10న పిఠాపురం దగ్గర కొత్తపల్లిలో పుట్టారు. 1940లో విజయనగరం సంగీత కళాశాలలో చేరారు. ఈ చేరికను గ్రంథకర్త పైపైన దాటిపోలేదు. ఆ కళాశాల ఏమిటో తెలిస్తేగాని నేదునూరివారు తరవాతి కాలంలో ఎలాంటి అధ్యాపకుడయ్యారో అర్థం కాదు. 1919లో విజయనగర ప్రభువు పూసపాటి విజయరామ గజపతిరాజుగారు దాన్ని స్థాపించారు. చూపులేని ఒక పిల్లవాడికి సంగీతం నేర్పించాలన్న తలంపుతో అది మొదలైందని విజయనగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. తరవాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు. ఘంటసాల నేర్చుకున్నదీ అక్కడే. గురువుగారింట్లో నీళ్లు మోసి, గురువుగారికి మనసు కలిగినప్పుడు రెండు సంగతులు చెప్పించుకునే రోజుల్లో, వేళకు తరగతి, వేళకు పాఠం, పేదపిల్లవాడికి కూడా చోటు అనే పద్ధతి ఉత్తరాంధ్రలో స్థిరపడింది. నేదునూరివారు అక్కడ గాత్రంతో పాటు వయొలిన్ కూడా నేర్చుకున్నారు. ద్వారం నరసింగరావునాయుడుగారి శిక్షణ దొరికింది. స్వరం మీద నిలకడగా ఆగి, అక్కణ్ణించి పక్క స్వరానికి జారడంలో ఆయన గొంతుకు ఒక ఒడుపు ఉంది. అది కమాను పట్టిన చేతి నుంచి వచ్చిందని నా నమ్మకం. గ్రంథకర్త ఈ మాట అంత గట్టిగా అనలేదు. నేను అంటున్నాను.

1949లో శ్రీపాద పినాకపాణిగారి దగ్గర చేరడంతో అసలు మలుపు వచ్చింది. పినాకపాణిగారు డాక్టరు. వైద్య కళాశాలలో పాఠాలు, ఆస్పత్రిలో రోగులు, మిగిలిన వేళంతా సంగీతం. తంజావూరు ప్రాంతపు బాణీని, దాని గమకాల బరువుతో సహా, తెలుగుదేశానికి తెచ్చి నాటినవారు ఆయన. ఒక కృతిని తానెలా విన్నారో, ఏ స్వరం ఏ స్వరాన్ని ఒరుసుకుంటూ వెళ్తుందో కాగితం మీద పెట్టగల ఓపిక ఆయనది. 'సంగీత సౌరభం' సంపుటాలు చూసినవారికి ఆ ఓపిక తెలుసు. అలాంటి గురువు దగ్గర నేర్చినవాడికి పాఠం అంటే ఏమిటో తెలుస్తుంది. నిన్న చెప్పిన సంగతి ఇవాళ అలాగే రావాలి, రేపు అలాగే రావాలి, పదేళ్ల తరవాత శిష్యుడి శిష్యుడి నోట కూడా అలాగే రావాలి. నేదునూరివారి పాఠశుద్ధి గురించి మా తరం వాళ్లు చెప్పుకునే మాటలన్నిటికీ మూలం ఇక్కడుంది.

అదే గురువు దగ్గర ఓలేటి వెంకటేశ్వర్లుగారు కూడా నేర్చుకున్నారు. ఈ పుస్తకంలో ఓలేటి, నేదునూరి ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూపిన అధ్యాయం నాకు ఎంతో నచ్చింది. ఇద్దరిదీ ఒకే పాఠం. కాని వినికిడిలో ఇద్దరూ వేరు. ఓలేటివారిది ఊహ ఎటు తీసుకుపోతే అటు వెళ్లే మనోధర్మం. ఆకాశవాణి విజయవాడ కేంద్రం ఆ ఊహకు నీడనిచ్చింది. నేదునూరివారిది కట్టుబాటు. కాలప్రమాణం చెదరదు, సాహిత్యం నలగదు, రాగాలాపన ఎంత పెరిగినా దారి తప్పదు. మంచి గురువు తనలాంటివాళ్లను తయారు చేయడు. ఎవరికి వారు నిలబడగలిగే పునాది వేసి తప్పుకుంటాడు. పినాకపాణిగారి గొప్పదనానికి ఈ ఇద్దరి తేడాయే పెద్ద సాక్ష్యం.

1951లో మద్రాసు సంగీత అకాడమీ వేదిక మీద నేదునూరివారు తొలిసారి పాడారు. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు. లాల్గుడి జయరామన్, ఎం.ఎస్. గోపాలకృష్ణన్ వంటివారు పక్కన వాయించిన కచేరీల గురించి పుస్తకంలో వివరంగా ఉంది, అవి పాఠకులే చదువుకుంటారు. నేను ఆగదలచుకున్నది ఉద్యోగం దగ్గర. విజయవాడ, సికింద్రాబాదు, తిరుపతి, విజయనగరం, ఈ ఊళ్లలోని సంగీత కళాశాలల్లో ఆయన ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. తాను విద్యార్థిగా అడుగుపెట్టిన విజయనగరం కళాశాలలోనే 1985లో ప్రిన్సిపాల్‌గా పదవీ విరమణ చేశారు.

మా వృత్తిలో లేనివారికి ఈ ఉద్యోగం ఎలా ఉంటుందో తెలియదు. సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, డిప్లొమా రెండేళ్లు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, కృతులు. గొంతున్న పిల్లలూ ఉంటారు, లేని పిల్లలూ ఉంటారు. పెళ్లిచూపుల్లో పాట పాడమంటారని చేర్పించిన ఆడపిల్లలు ఉంటారు. కడుపు మాడ్చుకుని వచ్చి నేర్చుకునేవాళ్లూ ఉంటారు. అందరికీ ఒకే గది, ఒకే వేళ. సిలబసు పూర్తికావాలి, పరీక్షలు జరగాలి, హాజరు పట్టీ నిండాలి. ప్రిన్సిపాలైతే పైనుంచి వచ్చే కాగితాలకు జవాబులు రాయాలి. వీటన్నిటి మధ్య సాయంత్రం కచేరీకి గొంతు మిగలాలి.

గొంతు మిగలడం అంటే ఏమిటో కాస్త విడమరచి చెప్పాలి. పురుష గాయకుడు సాధారణంగా ఒకటి శ్రుతికో ఒకటిన్నర శ్రుతికో పాడతాడు. తరగతిలో ఆడపిల్లల శ్రుతి అయిదు, అయిదున్నర. వాళ్ల మధ్యస్థాయి షడ్జమం మాస్టారి పంచమం దగ్గర పడుతుంది. ఆయన వాళ్ల స్థాయిలోనే పాడితే, వాళ్లు తారషడ్జమం అందుకునే చోట ఆయన తన తారస్థాయి పంచమం పట్టాలి. అది గొంతును చీల్చే పని. పోనీ ఒక స్థాయి కిందికి దిగి మంద్రపంచమాన్నే షడ్జమం చేసుకుందామంటే, కిందిస్వరాలు గాలిగా మిగిలి గమకం వినబడదు. గమకం వినబడకపోతే పాఠమే లేదు. ఇలా రోజూ కొన్ని గంటలు, ఏళ్ల తరబడి. ఈ రాపిడికి ఎందరో మంచి గాయకుల గొంతులు పోయాయి, కచేరీలు మానుకుని మాస్టార్లుగా మిగిలిపోయారు. మరికొందరు గొంతు దాచుకుందామని పాఠాన్ని నోటితో చెప్పి వదిలేశారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. నేదునూరివారు రెండూ నిలబెట్టుకున్నారు. ఆయన గొంతు సహజంగానే దృఢమైనది, నిజమే. అయితే ఆయన పాట తీరు కూడా దాన్ని కాపాడింది. అనవసరమైన కేక లేదు, వేగం కోసం వేగం లేదు. మధ్యమ కాలంలో నిండుగా సాగే ఆ నడక కచేరీకీ సరిపోయింది, తరగతికీ సరిపోయింది.

ఇక్కడే ఈ పుస్తకం అసలు మాట చెబుతుందని నేననుకుంటాను. కళాశాల ఆయన కచేరీకి అడ్డం రాలేదు, దానికి ఆకారం ఇచ్చింది. రోజూ పదిమంది పిల్లల ముందు ఒక సంగతిని విడదీసి, అతికించి, మళ్లీ విడదీసి చూపినవాడి పాటలో మసక ఉండదు. ఆయన కచేరీలో ఒక కృతి వింటే మర్నాడు దాన్ని స్వరపరచుకోవచ్చు, అంత స్పష్టం. కొందరు రసికులు ఈ స్పష్టతనే లోపంగా ఎంచి 'మాస్టారి పాట' అన్నారు. ఆ మాటను నేను ఒప్పుకోను. ఆయన తోడిని, ఆయన శంకరాభరణాన్ని కూర్చుని పూర్తిగా విన్నవాళ్లు ఆ మాట అనలేరు.

అన్నమయ్య పాటల పనిలో ఆ అధ్యాపకుడు మరింత బాగా కనిపిస్తాడు. తిరుమల ఆలయ సంకీర్తన భాండారం నుంచి రాగిరేకులు వెలుగులోకి వచ్చాక సాహిత్యం దొరికింది, పాట పైన రాగం పేరు దొరికింది. స్వరం దొరకలేదు. వాటికి వరుసలు కట్టే దారి ముందుగా రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వేశారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. నేదునూరివారు నూరుకు పైగా కీర్తనలకు వరుసలు కట్టారు. 'నానాటి బతుకు'కు ఆయన ఎంచుకున్న రేవతి చూడండి. అయిదు స్వరాల రాగం, రత్నాంగి జన్యం, వేదఘోషను తలపించే నడక. బతుకు సంగతి చెప్పే ఆ పాటను కరుణ ఒలికే పెద్ద రాగంలో పెట్టి ఏడిపించవచ్చు. ఆయన ఏడిపించలేదు. మాట తిన్నగా వినబడేలా, ఎక్కడా పదం విరగకుండా, మూడు చరణాలూ సామాన్యుడు కూడా పట్టుకోగలిగేలా కట్టారు. పండితుడికి రాగం నిండుగా ఉంటుంది, ఇంట్లో దీపం పెట్టి పాడుకునే ఇల్లాలికి పాట అందుబాటులో ఉంటుంది. ఎవరు నేర్చుకుంటారు, ఎక్కడ తడబడతారు అన్నది ముందే తెలిసినవాడు కట్టిన వరుస అది.

'బాలాజీ పంచరత్నమాల' రికార్డుల కోసం ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారికి అన్నమయ్య పాటలు నేర్పిన వైనం చెప్పే పుటలే ఈ పుస్తకంలో అందరూ ముందు వెతుక్కునేవి అవుతాయి. ఆమె వయసులో ఆయనకన్నా పదకొండేళ్లు పెద్ద. 1968లోనే సంగీత కళానిధి. దేశమంతా తెలిసిన గొంతు. అలాంటి మనిషి తెలుగు మాట ఉచ్చారణ దగ్గర్నుంచి నేర్చుకోవడానికి సిద్ధపడడం ఆమె పెద్దరికం. కళాశాలలో మొదటి ఏడాది పిల్లకు చెప్పినట్టే సంగతి సంగతి చెప్పడం ఆయన పెద్దరికం. ఇవాళ తెలుగువాళ్లు ఏ దేశంలో ఉన్నా ఆ రికార్డుల పాటలు వాళ్ల ఇళ్లలో వినబడుతున్నాయి. పాడిన గొంతును గుర్తుపట్టనివారు లేరు. వరుస ఎవరిదో చాలామందికి తెలియదు. ఈ పుస్తకం ఆ కొరత తీరుస్తుంది.

శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో లలితకళల ఫ్యాకల్టీ డీన్‌గా ఆయన నిర్వహించిన బాధ్యతను గ్రంథకర్త క్లుప్తంగా ముగించారు. నాకది కొంచెం వెలితిగానే ఉంది. విశ్వవిద్యాలయంలో సంగీతం ఒక శాఖగా నిలవాలంటే సిద్ధాంతం కావాలి, థీసిస్‌లు కావాలి, అయితే పాడగలిగినవాడు అక్కడ కూర్చుని ఉండాలి. లక్షణం చెప్పేవారికీ లక్ష్యం చూపేవారికీ మధ్య దూరం పెరిగిపోతున్న ఈ రోజుల్లో, పాడుతూ పాలించిన ఒక డీన్ సంగతి ఇంకా విపులంగా ఉంటే యువ అధ్యాపకులకు పనికొచ్చేది.

1983లో పినాకపాణిగారికి, 1991లో నేదునూరివారికి సంగీత కళానిధి బిరుదు వచ్చింది. గురువు కళ్లారా చూస్తుండగా శిష్యుడికి అదే గౌరవం దక్కడం అరుదు. అంతకన్నా నాకు సంతోషం కలిగించేది ఉద్యోగం అయిపోయాక విశాఖపట్నంలో ఆయన పాఠం ఆగకపోవడం. మల్లాది సోదరులు శ్రీరాంప్రసాద్, రవికుమార్ తాతగారి దగ్గర, తండ్రి సూరిబాబుగారి దగ్గర, ఓలేటివారి దగ్గర నేర్చి, ఆ పైన పినాకపాణిగారి దగ్గరా నేదునూరివారి దగ్గరా మెరుగు పెట్టుకున్నారు. తిరుపతిలో గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు ఆయన దగ్గర నేర్చి, తాము స్వయంగా వందల అన్నమయ్య పాటలకు వరుసలు కట్టారు. 2014 డిసెంబరు 8న నేదునూరివారు వెళ్లిపోయారు. ఆయన చెప్పిన పాఠం ఆ శిష్యుల నోట, వాళ్ల శిష్యుల నోట నడుస్తూనే ఉంది. పుస్తకంలోని చివరి అధ్యాయం ఈ శిష్యుల మాటలతోనే నిండింది. అందులో పొగడ్త తక్కువ, నేర్చుకున్న సంగతుల వివరం ఎక్కువ. అదే దాని విలువ.

గ్రంథకర్త గురించి రెండు మాటలు. ఈ చిరంజీవికి కలం పట్టు ఉంది, అంతకుమించి చెవి ఉంది. రాగం గురించి రాసేటప్పుడు 'మధురం', 'అమృతం' వంటి మాటలతో సరిపెట్టుకోలేదు. ఏ స్వరం దగ్గర ఏం జరిగిందో రాశారు. పేరు తెలియని కళాశాల ఉద్యోగుల్నీ, తంబురా శ్రుతి చేసి పెట్టినవారినీ కూడా అడిగి తెలుసుకున్నారు. రెండో ముద్రణలో పది కీర్తనలకైనా నేదునూరివారి పాఠం ప్రకారం స్వరలిపి చేర్చాలని నా కోరిక. ఆయన తరగతిలో కూర్చుని పాఠాలు టేపుల్లో పట్టుకున్న విద్యార్థులు రాష్ట్రమంతటా ఉండి ఉంటారు. కచేరీ రికార్డింగులు చాలానే దొరుకుతున్నాయి, పాఠం రికార్డింగులే దొరకడం లేదు. ఆ క్యాసెట్లు అటకల మీద బూజు పట్టకముందే ఈ పుస్తకం చదివినవారు వాటిని వెతికి గ్రంథకర్తకు అందజేయాలని పెద్దవాడిగా అడుగుతున్నాను.