తూము ఎక్కడుంది?

ఊళ్ళో ఇల్లు బాగు చేయించాలనుకుంటున్న సంగతి నా ఫోన్‌కి ఎలా తెలిసిందో గానీ, ఆర్నెల్లుగా అది నాకు ఒకే రకం బొమ్మలు చూపిస్తోంది. తెల్లటి గోడలు, పాత కొయ్య స్తంభాలు, కప్పు మధ్యలో ఆకాశం కనపడే ఖాళీ, దాని కింద ఆకుపచ్చగా నిలిచిన నీళ్ళు, నీళ్ళలో ఒక్కటే ఒక్క దేవగన్నేరు పువ్వు. చాలావాటి కింద జెఫ్రీ బావా పేరుంటుంది. కొన్ని ఆయన కట్టినవే. మిగతావి ఆయన పేరు చెప్పి వేరేవాళ్ళు కట్టినవి.

మాది కోనసీమలో మండువా లోగిలి. నాలుగు వైపుల నుంచీ కప్పు లోపలికి వాలి ఉంటుంది. నడుమ ఆకాశం, దాని కింద అడుగు లోతు మండువా. ఆ మండువాని కొలను చేసేద్దామని ఒక ఆదివారం కూర్చుని ప్లాన్ గీశాను. బావా ఇంటి ఫొటో ఒకటి పక్కన పెట్టి అమ్మకి చూపించాను. అమ్మ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "బానే ఉందిరా. తూమేది?" అంది.

ఫొటోలో తూము లేదు. నా ప్లాన్‌లోనూ లేదు. ఆ తర్వాత బావా తోటని, ఆ తోట మీద ఆయన చేసిన పుస్తకాన్ని అమ్మ ప్రశ్న పట్టుకుని మళ్ళీ చదివాను. ఆ చదువులో తేలిన సంగతులే ఈ వ్యాసం.

*

బావా 1919లో కొలంబోలో పుట్టాడు. కేంబ్రిడ్జిలో ఇంగ్లీషు సాహిత్యం చదివి, తర్వాత లాయరయ్యాడు. ఆ వృత్తి ఆయన ఒంటికి పడలేదు. కొన్నాళ్ళు దేశాలు తిరిగాడు. ఇటలీలో ఇల్లు కొనుక్కుని అక్కడే ఉండిపోదామనుకుంటే అదీ కుదరలేదు. 1948లో వెనక్కొచ్చి, బెంతోట దగ్గర దెద్దువ సరస్సు ఒడ్డున పాడుబడిన రబ్బరు తోటొకటి కొన్నాడు. అందులో ఒక మామూలు బంగళా. లునుగంగ అని పేరు పెట్టాడు. ఉప్పునది అని అర్థం. ఇటలీలో దొరకని తోటని ఇక్కడే వేసుకుందామని మొదలుపెట్టి, ఆ పనికి తన చదువు చాలదని తెలుసుకుని, ఆర్కిటెక్చర్ నేర్చుకోడానికి లండన్ వెళ్ళాడు. పట్టా చేతికొచ్చేసరికి 1957 అయింది. అప్పటికి ఆయన వయసు 38.

ఈ సంగతి నాకు చాలా ఇష్టం. ఆర్కిటెక్టు తన కోసం ఇల్లు బాగు చేసుకోవడం కాదిది. ఇల్లు బాగు చేసుకోడానికి దిగి, ఆ పనిలో పడి ఒక మనిషి ఆర్కిటెక్టయ్యాడు. తర్వాత చిత్తడి నేలని తవ్వించి, సరస్సు చేసి, దాని నడుమ శ్రీలంక పార్లమెంటు కట్టేదాకా వెళ్ళాడు. లునుగంగని మాత్రం వదల్లేదు. 1998లో పక్షవాతం వచ్చి పడిపోయేదాకా, యాభై ఏళ్ళపాటు అందులో ఏదో ఒకటి మారుస్తూనే ఉన్నాడు. 2003లో చనిపోయాక దహనం చేసింది కూడా ఆ తోటలోని దాల్చినచెక్క దిబ్బ మీదే.

ఏం మార్చాడు? ముందు ఇంటి ముఖాన్ని తిప్పేశాడు. పాత బంగళాకి బళ్ళు వచ్చి ఆగే వైపుని సరస్సుకేసి చూసే వసారా చేసి, మనుషులు రావడం రెండో వైపు నుంచి పెట్టాడు. ఎదురుగా ఉన్న దిబ్బ చూపుకి అడ్డం వస్తే దాని నెత్తి చెక్కించాడు. ఇప్పుడు వసారాలో కూర్చుంటే దిబ్బ, దాని వెనక నీళ్ళు, ఆ నీళ్ళకి అవతల ఎక్కడో ఉన్న గుడి తాలూకు తెల్లటి స్థూపం, అన్నీ ఒకే వరసలో కనపడతాయి. దిబ్బ మీద చెట్టు కింద ఒక పెద్ద జాడీ పెట్టాడు. అది లేకపోతే దగ్గరేదో దూరమేదో కంటికి అందదు. దేవగన్నేరు కొమ్మలకి బరువులు వేలాడదీసి, వాటిని పక్కలకి పాకించాడు.

ఒక్కొక్కటీ విడిగా చూస్తే చిన్న పనే. మా వృత్తిలో పాత కోడ్ చేతికొచ్చినప్పుడు రెండు దార్లుంటాయి: మొత్తం కొట్టేసి కొత్తగా రాయడం, లేదా నడుస్తున్నదాన్ని నడవనిస్తూ కొంచెం కొంచెంగా సరిచేయడం. మొదటిది కుర్రతనంలో అందరికీ ఇష్టం. రెండోదానికి అసలా పాతది అలా ఎందుకుందో అర్థం చేసుకునే ఓపిక కావాలి. బావా గొప్పదనం నాకు ఆ రెండో దారిలో కనపడింది. ఇన్‌స్టాగ్రామ్‌లో మనకి చేరేది మాత్రం పని అంతా అయిపోయాక తీసిన బొమ్మ. యాభై ఏళ్ళ దిద్దుబాట్లు అందులో ఉండవు. మన కాంట్రాక్టరేమో అదే బొమ్మని ఆర్నెల్లలో చేసిపెడతానంటాడు.

*

నీళ్ళ సంగతికొద్దాం. కొలంబోలో 33వ లేన్‌లో ఆయన ఉన్న ఇల్లు ఇంకా చిత్రమైనది. ఒక సందులో వరసగా నాలుగు చిన్న ఇళ్ళు. ముందు అందులో మూడోది తీసుకున్నాడు. దాదాపు పదేళ్ళలో మిగతావీ ఒక్కోటే కలుపుకుని, నాలుగింటినీ ఒక ఇల్లు చేశాడు. ఒకప్పటి సందు ఇప్పుడు ఇంట్లో పొడుగాటి నడవ. ఆ నడవలో నడుస్తుంటే అక్కడక్కడ కప్పు తెరుచుకుని వెలుగు పడుతుంది. ఆ వెలుగు కింద కాస్త మట్టి, ఒక మొక్క, లేదా చిన్న నీటి తొట్టి.

నీళ్ళు అక్కడ అలంకారానికే ఉన్నాయనుకుంటే పొరపాటు. నాలుగు ఇళ్ళు కలిపేస్తే మధ్య గదులు చీకటి గుయ్యారాలవుతాయి, గాలి ఆడదు. కప్పు తెరిస్తే వెలుగూ గాలీ వస్తాయి, వాటితో పాటు వానా వస్తుంది. వచ్చిన వానని ఏదో ఒకటి చెయ్యాలి. తొట్టి ఆ లెక్కలో భాగం. పైగా నీళ్ళు పైనుంచి పడ్డ వెలుగుని గోడ మీదకి విసురుతాయి. వాక్యంలో కామా ఎంత పని చేస్తుందో ఆ నడవలో నీళ్ళు అంతే పని చేస్తాయి. మన రీల్స్‌లో ఆ కామానే పెద్దది చేసి, చుట్టూ వాక్యం లేకుండా చూపిస్తున్నారు.

ఎనా డి సిల్వా ఇల్లు కూడా ఇలాంటి పాఠమే. బతిక్ కళాకారిణి ఎనా, ఆవిడ భర్త ఆస్మండ్ కోసం 1960-62 మధ్య కొలంబోలో కట్టిన ఇల్లది. బయటి వీధికి దాదాపు గోడే కనపడుతుంది. లోపల పెద్ద ముంగిలి, దాని చుట్టూ వసారాలు, పైన పెంకులు. కోనసీమలో పుట్టినవాడెవడైనా ఆ ప్లాన్ చూసి "ఇది మాదే కదా" అనుకుంటాడు. నేనూ అనుకున్నాను. ఆ మాట కొంతే నిజం. ముంగిలి చుట్టూ ఇల్లు కట్టుకోవడం ఎండా వానా ఎక్కువున్న చాలాచోట్ల మనుషులు ఎవరికి వారు కనిపెట్టుకున్న ఉపాయం. ఆధునికమైన ఇల్లంటే ముంగిలి మూసెయ్యాలని అందరూ నమ్ముతున్న రోజుల్లో దాన్ని నగరం మధ్యలో మళ్ళీ తెరిచి చూపించడం బావా చేసిన పని.

ఆ ఇంటికి తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. 2009లో స్థలం అమ్ముడైపోతే, ఇంటిని ముక్కముక్కగా విప్పి, ప్రతి ముక్కకీ లెక్క రాసుకుని, లునుగంగకి తెచ్చి మళ్ళీ కట్టారు. నిలబెట్టినవాళ్ళ శ్రమకి దణ్ణం పెట్టాలి. కానీ వీధి రొదకి వీపు తిప్పిన ఇల్లు, రొద లేని తోటలో ఎవరికి వీపు తిప్పుతుంది? మంచి అనువాదం చదివినప్పుడు కూడా ఒక్కోసారి ఇలాంటి వెలితే అనిపిస్తుంది. పదాలన్నీ ఉంటాయి, అవి ఎవరికి జవాబుగా పుట్టాయో ఆ మనిషే ఉండడు.

*

ఇప్పుడు అమ్మ ప్రశ్న. తూమేది?

'లునుగంగ' పుస్తకం 1990లో వచ్చింది. బావా, క్రిస్టఫ్ బాన్, డొమినిక్ సన్సోని కలిసి చేసింది. ఫొటోలు నలుపు తెలుపుల్లో ఉంటాయి. చాలా అందమైన పుస్తకం. ఆ అందంలో కొంత దాచిపెట్టడం వల్ల వచ్చింది. నలుపు తెలుపుల్లో పాచి కూడా చక్కటి నీడలా ఉంటుంది. ఆకులు ఊడ్చినవాళ్ళు, దిబ్బ చెక్కినవాళ్ళు, గట్లు వేసినవాళ్ళు చిత్రం అంచు దాటి ఎక్కడో ఉంటారు.

ఇది పుస్తకానికే పరిమితం కాదు, తోటలోనూ ఉంది. ఇంటికీ దిబ్బకీ మధ్య నుంచి ఊరివాళ్ళు నడిచే దారి ఒకటి పోతుంది. ఆ దారి కంటికి ఆనకుండా నేలని పల్లం చేసి దాచారు. వసారాలో కూర్చున్నవాళ్ళకి పచ్చిక ఏకంగా దిబ్బ దాకా పాకినట్టు కనపడుతుంది. తోటలో అక్కడక్కడ గంటలు వేలాడుతుంటాయి. కిందటేడు వెళ్ళినప్పుడు గైడ్ వాటిని మోగించి చూపించాడు. ఒక్కోటీ ఒక్కో స్వరం. బావా ఎక్కడ కూర్చుని టీ అడుగుతున్నాడో పనివాళ్ళు మోతని బట్టి పోల్చుకోవాలి. మాతో వచ్చినవాళ్ళంతా ముచ్చటపడ్డారు. నాకు ట్రే పట్టుకుని ఆ దిబ్బ ఎక్కే మనిషి కళ్ళ ముందు మెదిలాడు.

దీన్ని పట్టుకుని బావాని కొట్టిపారెయ్యడం సులువు. డబ్బున్న కుటుంబం, వలస పాలకుల చేతుల్లో దాల్చినచెక్కా రబ్బరూ పండిన నేల, గంట కొడితే వచ్చే పనివాళ్ళు. ఇవన్నీ నిజమే. అయినా అంతటితో ఆపేస్తే ఆయన నుంచి నేర్చుకోవలసింది నేర్చుకోం. యాభై ఏళ్ళు ఒకే నేలని రోజూ చూసిన కన్ను ఆయనది. ఆ కన్ను తప్పించిన మనుషుల్ని కూడా లెక్కలోకి తెచ్చుకుని చదివితే, తోట చిన్నదైపోదు. దాని ఖరీదెంతో తెలుస్తుంది, అంతే.

*

ఆ ఖరీదు మా ఇంటికి లెక్క వేశాను.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. మా మండువాలోకి వాలిన కప్పు, మండువాతో కలిపి, సుమారు వంద చదరపు మీటర్లు. తుఫాను రోజున పది సెంటీమీటర్ల వాన మాకు వింత కాదు. అంటే పదివేల లీటర్లు. మండువా నాలుగు మీటర్లకి నాలుగు మీటర్లు. తూము మూసుకుపోతే ఆ నీళ్ళు రెండడుగులకి పైనే నిలవాలి. మా మండువా లోతు ఒక అడుగు. దాన్ని ముందే కొలను చేసి నింపి ఉంచితే ఆ అడుగు కూడా మిగలదు.

ఈ లెక్క అమ్మకి తెలియదు. ఆవిడకి 1996 నవంబరు తెలుసు. ఆ రాత్రి తుఫానుకి పగిలిన పెంకులూ కొబ్బరాకులూ తూముకి అడ్డంపడి, నీళ్ళు మండువా దాటి గదుల్లోకొచ్చాయి. నాన్న చీకట్లో చెయ్యి పెట్టి తూములోంచి చెత్త లాగుతుంటే, అమ్మ లాంతరు పట్టుకుని నిలబడింది. నేను చిన్నవాణ్ణి, ధాన్యం బస్తాల మీద కూర్చుని ఉన్నాను. నాన్న ఇప్పుడు లేడు. ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. నేను గీసిన కొలనుకి వారానికోసారి పాచి గీకేదెవరు? చేపలు వెయ్యకపోతే వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. చేపలు వేస్తే వాటిని చూసేదెవరు? మోటారు పెడితే కరెంటు పోయిన రోజున ఏంటి? నేను హైదరాబాద్‌లో కూర్చుని నెలకో రెండు రోజులు చూసి మురిసిపోడానికి అమ్మని ఆ గంట మోతకి పరిగెత్తే మనిషిని చెయ్యబోయాను. ఇది ఒప్పుకోడానికి నాకు కొంచెం టైం పట్టింది.

ప్లాన్ మార్చాను. మండువా ఖాళీగానే ఉంటుంది. ముందు తూము తిరగదోడించి, వెడల్పు చేయించి, చెత్త ఆపడానికి జాలీ పెట్టిస్తున్నాం. వెనకటి రిపేరులో సున్నపు గోడల మీద వేసిన సిమెంటు పూత చెమ్మని లోపలే పట్టి ఉంచింది. దాన్ని చెక్కించి మళ్ళీ సున్నమే వేయిస్తున్నాం. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడానికే రెండు నెలలు పట్టింది. ఆయన మొదట అడిగిందీ తూము గురించే.

కొలను ఆలోచన పూర్తిగా మానలేదు. పెరట్లో కొబ్బరిచెట్ల వెనక పల్లంగా ఉంటుంది. మండువా తూము నీళ్ళు చివరికి చేరేది అక్కడికే. తవ్వితే అక్కడే తవ్వాలి, కానీ ఈ ఏడాది తవ్వొద్దనుకున్నాం. వానాకాలం అంతా నీళ్ళు ఎక్కడిదాకా వచ్చి, ఎన్నాళ్ళు నిలిచి, ఎటు పోతున్నాయో చూడాలి. చూసే పని అమ్మ తీసుకుంది. నేను చెప్పలేదు, తనే వెదురు పుల్లలు చెక్కించుకుంది. పెద్ద వాన వెలిసినప్పుడల్లా నీటి అంచున ఒక పుల్ల పాతించి, నాకు ఫోన్ చేస్తుంది. నిన్న రాత్రి కూడా చేసింది.

"జాంచెట్టు దాకా వచ్చాయిరా. నువ్వు గీసిన గీత దాటిపోయాయి."