పాచికల నడుగవలసిన వేళ

బల్ల చుట్టును నలుగురైదుగురు కూర్చుండి, ఒక్కొక్కరొక్కొక్క పాత్రను తమదిగా చేసికొని, ఆ పాత్ర నోట తాము పలుకుచు, అది చేయదలచిన పనిని ప్రకటించుచు, ఫలితము సందేహాస్పదమైనపుడు పాచికలు విసరి, ముందుగా ఎవ్వరును వ్రాసి యుంచని కథను అందరును కలిసి నడుపు ఆటకు రోల్‌ప్లేయింగ్ గేమ్ అని పేరు. ఆ కథాలోకమును వర్ణించి, తక్కిన పాత్రలన్నిటికిని తానే గొంతుక యిచ్చి, నియమములను చూచుకొనువాడు గేమ్ మాస్టరు. ఆ బాధ్యతను చాలకాలముగా వహించుచున్న నన్ను ఎడతెగక వెంటాడు ప్రశ్న యొక్కటి కలదు: దేనిని కథకుడు నిర్ణయింపవలెను, దేనిని నియమమునకు విడువవలెను?

ఈ ప్రశ్న ఈ ఆటకంటెను పాతది. 1824లో రైస్‌విట్జ్ అను ప్రష్యా సైన్యాధికారి, పటము మీద సేనలను నడపు యుద్ధక్రీడ కొకదానికి నియమావళిని ప్రకటించెను. అందు నష్టములను పట్టికలును, అదృష్టమును పాచికలును తేల్చగా, ఉభయపక్షముల ఆజ్ఞలను విని ఫలితము చెప్పుటకు మధ్యవర్తి యొకడుండెను. అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, 1876లో, వెర్డీ దు వెర్నోయిస్ అను సేనాని, ఆ పట్టికల బరువు క్రింద ఆట నలిగిపోవుచున్నదని తలచి, వానిని పాచికలతో సహా త్రోసిపుచ్చి, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి వివేకమే చాలునని వాదించెను. పట్టికలు పోయిన ఆట వేగమందుకొనును, నిజమే. కాని ఓడినవానికి, తన్నోడించినది యుద్ధన్యాయమా, మధ్యవర్తి యిష్టమా అను సంశయము మాత్రము మిగిలిపోవును.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు, సేనలను విడిచి ఒక్కొక్క వీరుని ఒక్కొక్క ఆటగానికి అప్పగించి, ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ను మూడు చిన్న పుస్తకములుగా వెలువరించినపుడు, ఈ వివాదము కూడ ఆ యుద్ధక్రీడల వారసత్వముతోనే వచ్చినది. నాటినుండి నేటివరకు ప్రతి బల్లయొద్దను ఇది తీరుచునే యున్నది, మరల పుట్టుచునే యున్నది.

నియమము కథకు శత్రువని తలచు మిత్రులతో నేనేకీభవింపజాలను. కథ యెటు పోవలెనో గేమ్ మాస్టరు ముందే నిశ్చయించుకొని, తెరచాటున పాచికల ఫలితమును రహస్యముగా మార్చుచున్నచో, చుట్టును కూర్చున్నవారు పాత్రధారులు గాక శ్రోతలగుదురు. వారి సాహసమునకుగాని, వివేకమునకుగాని విలువ యుండదు. నియమము మొట్టమొదట అరికట్టునది కథకుని పక్షపాతమును. తాను ప్రేమించిన పాత్రను కాపాడుకొనవలెనను కోరికయు, తాను కల్పించిన ప్రతినాయకుని తొందరగా చావనీయరాదను మమకారమును ఎంతటివానికైనను సహజములు.

అయితే ప్రతి చిన్నపనికిని పాచిక విసరుట మరియొక దోషము. 1981లో సాండీ పీటర్సన్ రచించిన ‘కాల్ ఆఫ్ క్తులు’ అను భయానక పరిశోధన క్రీడలో, గ్రంథాలయమున పాతపత్రములు వెదకుటకును శాతములలో లెక్కించు నైపుణ్యము కలదు. ఆ నైపుణ్యము 40 అయినచో, 100కు 60 పర్యాయములు ఆధారము దొరకదు. అది దొరకనిదే ముందడుగు లేనిచో, కథ అచ్చటనే నిలిచిపోవును. దీనిని గుర్తించియే రాబిన్ లాస్, ‘ది ఎసోటెరరిస్ట్స్’ అను క్రీడలో, తగిన విద్య గలవాడు తగినచోట వెదకినచో ముఖ్యమైన ఆధారము తప్పక లభించునని విధించెను. ఆధారము దొరకుట కాదు, దొరకినదానిని అర్థము చేసికొనుటయే రసవంతమని ఆయన గ్రహించినాడు.

2010లో విన్సెంట్ బేకర్ ‘అపోకలిప్స్ వరల్డ్’లో చూపిన మార్గము నాకు మరింత ప్రియమైనది. రెండు పాచికల మొత్తమునకు పాత్ర గుణమును కలుపగా 10 గాని, అంతకు మించి గాని వచ్చినచో కోరిక నెరవేరును. 7 మొదలు 9 వరకు వచ్చినచో నెరవేరును గాని మూల్యము చెల్లింపవలెను. 6 గాని, అంతకు తక్కువ గాని వచ్చినచో విపత్తు. పాత్ర గుణమును కలుపకున్నచో, 36 అవకాశములలో సంపూర్ణవిజయమునకు దక్కునవి 6 మాత్రమే. తక్కిన 30 పర్యాయములును కథకుడు క్రొత్తగా ఏదో కల్పించియే తీరవలెను. యతికై వెదకు కవికి, తానై యెన్నడును తలపని మాట తటస్థించినట్లు, ఇచ్చట నియమమే కల్పనను పుట్టించుచున్నది.

మా బల్లయొద్ద ఒకనాడు, చెరసాలలో నున్న చెల్లెలిని విడిపింప కోటగోడ నెక్కుచున్న పాత్రకు 8 పడినది. అతడు గోడ యెక్కినాడు, త్రాడు మాత్రము జారి అగడ్తలో పడినది. లోపలికి వచ్చినవాడు వెలుపలికి పోవు దారి వెదకుటతోనే ఆ సాయంకాలమంతయు గడచినది; ఆ దారి మాలో నెవ్వరికిని ముందుగా తెలియదు.

కావున గేమ్ మాస్టరు బాధ్యతను క్రొత్తగా స్వీకరించు మిత్రులకు నా మనవి యిది. పాచికలు చేత పట్టకముందే రెండు ప్రశ్నలు వేసికొనుడు: ఓటమి సంభవించినచో కథకు మరియొక దారి తెరచుకొనునా? ఆ ఓటమిని నేను మనఃపూర్వకముగా అంగీకరింతునా? ఏ యొక్కదానికి కాదని సమాధానము వచ్చినను పాచికలను తాకవలదు. జరిగినదేమో మీరే చెప్పి కథను సాగింపుడు. రెంటికిని ఔనన్నచో అందరి యెదుట విసరుడు. విసరిన పిమ్మట వచ్చిన సంఖ్యను మార్చకుడు.