కుడి పక్క మనిషి

ఎయిర్‌బస్ 320లో కుడి సీటు నుంచి కెప్టెన్ కూర్చునే ఎడమ సీటుకి మారినవాడిని ముందుగా ఇబ్బంది పెట్టేవి చేతులే. కోపైలట్‌గా ఉన్నన్నాళ్ళూ కుడి చేత్తో విమానాన్ని తిప్పే సైడ్‌స్టిక్, ఎడమ చేత్తో ఇంజన్ల శక్తిని మార్చే థ్రస్ట్ లీవర్లు. ఎడమ సీట్లో అంతా తారుమారు. ఇన్నేళ్ళూ అన్నం తినే చేత్తో దింపిన విమానాన్ని ఇప్పుడు రెండో చేత్తో దింపాలి. రన్‌వే మధ్య గీత కూడా కొత్త కోణంలో కనిపిస్తుంది. వినడానికి భయంగా ఉంటుంది గానీ, కొన్ని పూటలు సిమ్యులేటర్లో కూర్చుంటే ఒళ్ళు దానంతటదే సర్దుకుంటుంది. కెప్టెన్ అయ్యేందుకు ఇచ్చే కమాండ్ శిక్షణ మొత్తంలో తేలికైన పని ఏదైనా ఉందంటే ఇదే.

కెప్టెన్‌నయ్యానని ఫోన్ చేస్తే మా కాకినాడ పిన్ని, "అయితే ఇకనించీ విమానం నువ్వే నడుపుతావన్నమాట. మరి ఇన్నాళ్ళూ ఏం చేశావురా?" అంది. ఇన్నాళ్ళూ నడుపుతూనే ఉన్నాను పిన్నీ అంటే నమ్మలేదు. నిజానికి ఒక సెక్టార్, అంటే ఒక ప్రయాణం, కెప్టెన్ నడిపితే మరో సెక్టార్ ఫస్ట్ ఆఫీసర్, అంటే కోపైలట్, నడపడం మామూలే. ఒకరు నడుపుతుంటే రెండోవారు రేడియో, చెక్‌లిస్టులు చూసుకుంటూ, నడిపేవారిని కనిపెట్టుకుని ఉంటారు. కెప్టెన్ కావాలంటే ముందు చేతిలో ఏటీపీఎల్ లైసెన్స్ ఉండాలి. దానికి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగేది కనీసం 21 ఏళ్ళ వయసు, 1500 గంటల అనుభవం, కొన్ని పరీక్షలు. కంపెనీలు మామూలుగా అంతకన్నా ఎక్కువ గంటలే అడుగుతాయి. అన్ని గంటలు ఎగిరినవాడికి విమానం దింపడం కొత్తగా నేర్పేదేముంటుంది?

తేడా ఎక్కడుందో టేకాఫ్ చూస్తే తెలుస్తుంది. టేకాఫ్ కోపైలట్‌దే అయినా, పవర్ పెట్టాక థ్రస్ట్ లీవర్ల మీదికి వచ్చేది కెప్టెన్ చెయ్యి. ఎందుకంటే పరుగు మధ్యలో ఆపేయాలన్న నిర్ణయం చాలా కంపెనీల్లో కెప్టెన్‌ది మాత్రమే. వీ-వన్ అని పిలిచే వేగం వచ్చేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంటుంది. వీ-వన్ దాటాక ఆపితే మిగిలిన రన్‌వే చాలదు కాబట్టి, ఆ క్షణంలో చెయ్యి తీసేస్తాడు. ఇంజన్ పోయినా సరే, ఇక ఎగరాల్సిందే. విమానాన్ని నడిపేది ఒకరు, ఆపే హక్కు మరొకరిది. ఎవరి చేతిలో సైడ్‌స్టిక్ ఉన్నా విమానం భద్రతకి జవాబుదారీ పైలట్-ఇన్-కమాండ్, అంటే కెప్టెన్, అని చట్టం కూడా అంటుంది.

పని ప్రయాణికులు ఎక్కకముందే మొదలవుతుంది. అక్టోబర్ రాత్రి, హైదరాబాద్ నుంచి విశాఖ అనుకోండి. డిస్పాచ్ పంపిన ఫ్లైట్ ప్లాన్‌లో ఇంధనం లెక్క కిలోలతో సహా ఉంటుంది: దారికి ఇంత, అనుకోని ఖర్చుకి ఇంత, విశాఖలో దిగడం కుదరకపోతే మరో ఊరికి పోవడానికి ఇంత, అన్నీ అయ్యాక ఎట్టి పరిస్థితిలోనూ ముట్టకూడని అరగంట నిల్వ. లెక్క చట్టప్రకారం సరిగ్గానే ఉంటుంది. కానీ బంగాళాఖాతంలో మేఘాలు లేస్తున్నాయి, వాతావరణ సూచనలో ఉరుములున్నాయి. ఇంకో టన్ను పోయించాలా? ఈ విమానం గంటకి సుమారు రెండున్నర టన్నులు తాగుతుంది. కాబట్టి టన్నంటే గాల్లో ఇంకో ఇరవై నిమిషాలకి పైన ఆలోచించుకునే వీలు. అదే టన్నుని మోయడానికి కూడా కొంత ఇంధనం కాలుతుంది, కంపెనీ ఆ లెక్క చూస్తుంది. కోపైలట్‌గా ఉన్నప్పుడు నేను "ఇంకొంచెం వేయించుకుందాం సార్" అని ఊరుకునేవాణ్ణి. ఆ మాటకి ఖర్చు లేదు. ఇప్పుడు అంకె వేసి సంతకం పెట్టాలి. భువనేశ్వర్ పోదామా, వెనక్కి హైదరాబాద్ వచ్చేద్దామా అన్న ప్రశ్న గాల్లో వచ్చినప్పుడు ఆ అంకె మళ్ళీ పలకరిస్తుంది.

నాకు లైన్ ట్రైనింగ్ ఇచ్చినాయన గుంటూరు మనిషి. కమాండ్ శిక్షణలో శిష్యుడు ఎడమన, గురువు కుడిన కూర్చుంటారు. కుడిన కూర్చున్న పెద్దాయన ఆ పూటకి కోపైలట్ వేషం కట్టేస్తారు. తోచక అడిగితే జవాబు రాదు.

"సార్, ఈ మేఘానికి ఎడమ నుంచి పోదామా, కుడి నుంచా?"

"నన్నడుగుతావేంటి అబ్బాయ్? నేను నిన్నగాక మొన్న చేరిన కుర్రాణ్ణి. చెప్పు, ఎటు తిప్పమంటావ్?"

కావాలనే ఓ చెక్‌లిస్టు అంశం మర్చిపోయేవారు, ఏటీసీ చెప్పిన ఎత్తు తప్పుగా తిరిగి చెప్పేవారు, నేను పట్టుకుంటానో లేదోనని. అప్పట్లో ఆయన్ని మనసులో తిట్టుకున్నమాట నిజమే. సిమ్యులేటర్లో పెట్టే పరీక్షలు ఇంజన్ మంటల్లాంటివైతే ఎవరూ పెద్దగా భయపడరు, వాటికి చెక్‌లిస్టు ఉంటుంది. అందుకే పుస్తకంలో జవాబు లేనివి పెడతారు: వెనక ఎవరికో గుండెనొప్పి, దగ్గర్లో ఉన్న ఊరిలో మంచు, మంచు లేని ఊరిలో పొట్టి రన్‌వే, కిందకి దిగుతుంటే ఇంకో చిన్న లోపం. హైదరాబాద్ ఫిరోజ్‌గూడలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో ఒకటికి రెండు తరాల వాళ్ళు ఇలాంటి ప్రశ్నలకే చెమటలు కక్కారు. ఏ జవాబు చెప్పావన్నది పెద్దగా చూడరు. ఎవర్ని అడిగావు, అడిగినదాన్ని విన్నావా అన్నది చూస్తారు.

ఎందుకు చూస్తారో చెప్పడానికి 1977 మార్చి 27 చాలు. కానరీ దీవుల్లోని టెనరీఫ్‌లో, పొగమంచులో, కేఎల్ఎం 747 ఇంకా క్లియరెన్స్ రాకుండానే పరుగు మొదలుపెట్టింది. అదే రన్‌వే మీద పాన్ ఆమ్ 747 ఉంది. కేఎల్ఎం విమానం ఎడమ సీట్లో ఉన్న కెప్టెన్ వాన్ జాంటెన్ ఆ కంపెనీలో 747 పైలట్లకి శిక్షణ ఇచ్చే పెద్ద. ఆయన ఫొటో కంపెనీ ప్రకటనల్లో ఉండేది. పక్కనున్న ఫస్ట్ ఆఫీసర్‌ని 747కి పాస్ చేసింది కూడా ఆయనే. పాన్ ఆమ్ రన్‌వే మీంచి తొలగిందా లేదా అని ఫ్లైట్ ఇంజనీర్ అనుమానం వెలిబుచ్చాడు. తొలగిందని కెప్టెన్ గట్టిగా అన్నాడు. మరి ఎవరూ మాట్లాడలేదు. 583 మంది పోయారు. ఈ ప్రమాదాన్నీ, ఆ దశకంలోని మరికొన్నింటినీ ముందు పెట్టుకుని 1979లో నాసా సమావేశం జరిపింది. అక్కణ్ణించి వచ్చిందే నేటి సీఆర్ఎం: కాక్‌పిట్‌లో పెద్దా చిన్నా కలిసి ఆలోచించడం ఎలాగో నేర్పే చదువు.

మన దగ్గర కూడా టెనరీఫ్‌లున్నాయి. 2010 మే 22న మంగళూరులో, దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే సగం పైగా దాటాక నేల తాకి, కొండ అంచు నుంచి పడిపోయింది. దారిలో కెప్టెన్ చాలాసేపు నిద్రపోయారని విచారణలో తేలింది. కోపైలట్ "గో అరౌండ్" (దిగకుండా మళ్ళీ పైకి లేపేయమని) అని ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ అన్నారు. 158 మంది చనిపోయారు. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో, వానలో, మళ్ళీ అదే తీరు: విమానం రన్‌వే సగం దగ్గర దిగింది, "గో అరౌండ్" అని కుడి పక్క నుంచి మాట వచ్చింది, ఎడమ పక్కన పట్టించుకోలేదు. పైలట్లిద్దరితో సహా 21 మంది పోయారు. ఆ దర్యాప్తు నివేదిక ఇంకో అడుగు వేసి, కోపైలట్ కంట్రోల్స్ తీసుకుని ఉండాల్సిందంది, ఇద్దరి మధ్య హోదాల ఎత్తుపల్లాన్ని కూడా ఎత్తి చూపింది.

ఈ నివేదికలు ఎన్నిసార్లు చదివినా కోపైలట్ల మీద కోపం రాదు నాకు. పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పకుండా పెరిగినవాళ్ళం. ఇరవై ఆరేళ్ళ పిల్లో పిల్లాడో యాభై దాటిన మనిషి చేతుల్లోంచి విమానం లాక్కోవాలని పుస్తకంలో రాయడం సులువు. అసలు ఆ అవసరం వచ్చేలా ప్రవర్తించిన ఎడమ సీటునే అడగాలి. ఎడమ సీటు ఎలా ఉండొచ్చో 1989లో అమెరికాలో ఆల్ హేన్స్ చూపించారు. డీసీ-10 విమానంలో హైడ్రాలిక్స్ మూడూ పోయాయి, కంట్రోల్స్ పనిచేయవు. ప్రయాణికుడిగా వెనక కూర్చున్న డెన్నీ ఫిచ్ అనే ట్రైనింగ్ పైలట్ సాయం చేస్తానంటే, హేన్స్ ఆయన్ని కాక్‌పిట్‌లోకి పిలిచి థ్రాటిల్స్ చేతికిచ్చేశారు. 296 మందిలో 184 మంది బతికారు. తనకన్నా బాగా చేయగలిగినవాడికి ఆ క్షణంలో పని వదిలేయడం, నా ఉద్దేశంలో, ఏ లాండింగ్ కన్నా గొప్ప నైపుణ్యం.

కుడి సీటు గురించి మాట్లాడుతూ ఒకరిని తలచుకోకపోతే అన్యాయం. 1947లో కమర్షియల్ లైసెన్స్ తీసుకున్న మహిళా పైలట్ ప్రేమ్ మాథుర్‌ని మిగతా కంపెనీలు వద్దన్నప్పుడు ఉద్యోగం ఇచ్చింది మన హైదరాబాద్ దక్కన్ ఎయిర్‌వేస్. ఇచ్చింది గానీ కోపైలట్‌గానే. కమాండ్ అడిగితే కాదంది. ఇప్పుడు మహిళా పైలట్ల శాతంలో మన దేశం ప్రపంచ సగటు కన్నా చాలా పైన ఉంది. నా కుడి పక్క తరచూ ఆడపిల్లలే ఉంటారు, వాళ్ళలో కొందరు త్వరలో ఎడమకి మారతారు.

మా గుంటూరు గురువుగారి అలవాట్లలో రెండు నాకు మిగిలాయి. ఇంధనం దగ్గర నా అంకె ముందు చెప్పను. "మీరెంత వేస్తారు?" అని పక్కవాళ్ళని అడుగుతాను. ముందు నేను చెప్పేస్తే "అదే కరెక్ట్ సార్" అంటారు, ఆ మాట నాకు దేనికీ పనికిరాదు. రెండోది బ్రీఫింగ్‌లో చెబుతాను: "దిగేటప్పుడు మీరు గో అరౌండ్ అంటే నేను వెళ్ళిపోతాను. ఎందుకని ఆ టైంలో అడగను, కింద మాట్లాడుకుందాం." మొదటిసారి కలిసినవాళ్ళు ఇది మర్యాదకి చెబుతున్నాడులే అనుకుంటారు. ఒకసారి వైజాగ్‌లో, నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు నిజంగానే అనేశాడు. నా లెక్కలో విమానం హద్దుల్లోనే ఉంది, దింపేసేవాణ్ణే. పైకి లేపేశాను. కింద కూర్చుని డేటా చూసుకున్నాం: వేగం అతను అనుకున్నంత ఎక్కువేం లేదు. అతని ముఖం చిన్నబోయింది. రేపు కూడా అనిపిస్తే అనమన్నాను. గో అరౌండ్ చేసినందుకు ఎవర్నీ శిక్షించకూడదని నియమమే ఉంది కాబట్టి ఆ విషయంలో కంపెనీతో పేచీ లేదు. ఇంకో చుట్టు తిరగడానికి కొంత ఇంధనం, పావుగంట ఆలస్యం, అంతే. ఆ పావుగంటకి ప్రయాణికులకి క్షమాపణ చెప్పే అనౌన్స్‌మెంట్ మాత్రం ఎప్పుడూ ఎడమ సీటు పనే, అందులో కోపైలట్ ప్రస్తావన ఉండదు.