నూటికి ముప్పై పాళ్ల రాయి

పాత ఖమ్మం జిల్లా అడవుల అంచున నల్లచార, తెల్లచార పేర్చినట్టుండే రాయి ఒకటుంది. చేతిలోకి తీసుకుంటే మామూలు రాయి కన్నా బరువు తూగుతుంది. నల్లచారలో ఇనుము, తెల్లచారలో పలుగు. నూటికి ముప్పై, ముప్పై అయిదు పాళ్లకు మించి ఇనుము లేని ఈ రాయిని లోకం 'తక్కువ రకం' అని పక్కన పెట్టింది. దాన్ని ముందు పెట్టుకుని ఈ బడిపంతులు ఒక పుస్తకమే రాశాడు. ఆశీర్వదించమని అడిగాడు. సంతోషంగా ఆశీర్వదిస్తున్నాను.

ఆ రాయి ఉన్న బయ్యారం అనగానే మనకు నినాదం గుర్తొస్తుంది. 'బయ్యారం ఉక్కు – తెలంగాణ హక్కు' అని గోడల మీద చదివినవాళ్లమే అందరమూ. ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమో కాదో ఆరు నెలల్లో చూడమని 2014 పునర్విభజన చట్టం 13వ షెడ్యూలు సెయిల్‌కు అప్పగించింది. గిట్టదన్నారు వాళ్లు. 2016లో బయ్యారం మహబూబాబాద్ జిల్లాలోకి పోయింది గానీ తగువు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఈ తగువులో రచయిత ఏ పక్కా నిలబడి అరవడు. పలకా బలపం తెమ్మంటాడు. అడవి దాటితే బస్తర్‌లో బైలదిల్లా ఉంది. అక్కడి ఖనిజంలో 65 శాతం ఇనుము. తవ్వి, విరగ్గొట్టి, బట్టీలో వేసుకోవచ్చు. మన చారల రాయిని ఆ స్థాయికి తేవాలంటే పిండిలా నూరాలి, నీటితో కడగాలి, నల్లదాన్ని అయస్కాంతంతో ఏరాలి. అయస్కాంతానికి అంటని రకమైతే మరీ కష్టం. ముప్పై పాళ్ల రాయిలోంచి నూటికి ఎనభై వంతుల ఇనుము రాబట్టినా, ఒక టన్ను శుద్ధ ఖనిజానికి 2.7 టన్నుల రాయి కావాలి. మిగిలిన 1.7 టన్నుల బురద ఎక్కడ పోస్తారు? నీళ్లెక్కడివి? కరెంటెంత? 'ఇనుము ఉందా లేదా' అని కొట్లాడుకున్నాం కానీ, ఇనుము కాని డెబ్బై పాళ్ల సంగతి అడిగినవాళ్లు తక్కువ.

అమెరికాలో మిన్నెసోటా వాళ్లకు ఈ పాఠం ముందే వచ్చింది. అక్కడ మంచి ఖనిజం తరిగిపోతుంటే టాకొనైట్ అనే ఇలాంటి రాయినే నూరి, ఉండలు కట్టి, బట్టీలకు పంపారు. ఘనకార్యమే. అయితే సిల్వర్ బేలో మిగిలిన బురదను రోజుకు 60,000 టన్నులకు పైబడి సుపీరియర్ సరస్సులో వదిలారు. కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగాక, 1980లో గానీ అది ఒడ్డెక్కలేదు. గోదావరి పక్కన బతికే మనకు ఈ కథ ఇంతకన్నా విప్పి చెప్పనక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది కొలిమి అధ్యాయం. వాన వెలిశాక వాగుల్లో నల్లఇసుక పేరుకుంటుంది. పలుగు తేలిక, ఇనుపరేణువు దానికి దాదాపు రెండింతల బరువు. నీళ్లు పలుగును ఈడ్చుకుపోతే ఇనుము అడుగున నిలుస్తుంది. అలాంటి ఇసుకను దోసిళ్లతో కడిగి, బొగ్గు పెట్టి, తిత్తులు ఊది ఇనుము తీసిన కమ్మరుల పద్ధతిని రచయిత చిట్టెం కుప్పల ఆధారంగా విప్పిచెప్పాడు. నూరే ఖర్చును వాగు మీద పడేసిన తెలివి వాళ్లది! పాల్వంచలో సింగరేణి బొగ్గుతో 1980లో మొదలైన స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీని దీని పక్కన నిలిపి చూపడం కూడా బాగుంది.

పెద్దవాడిని కాబట్టి ఒక చివాటు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా ఆపే 1/70 చట్టాన్నీ, గిరిజనేతర కంపెనీలకు అక్కడ గనుల లీజులు చెల్లవన్న 1997 సమత తీర్పునూ రెండు పేజీల్లో ముగించేశాడు. రాయి ఎంత శాతమో తేల్చినంత ఓపికగా, అది ఎవరి నేలలో ఉందో కూడా రాయాల్సింది. రెండో ముద్రణకు ఆ అధ్యాయం పెంచి పంపితే మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుంటానని మాటిస్తున్నాను.